డిశ్చార్జ్ సమ్మరీలను కంప్యూటర్‌తో చదివించి యాంటీబయాటిక్ వాడకం మీద కన్నేసి ఉంచవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు ఒక టీచింగ్ హాస్పిటల్‌లో క్లినికల్ ఫార్మసిస్టు. డిశ్చార్జ్ సమ్మరీలు వర్డ్ ఫైళ్లుగా ఉన్నాయి, కేస్‌షీట్లు మాత్రం చేతిరాతే. ఈ సమ్మరీలను కంప్యూటర్‌తో చదివించి నెలనెలా యాంటీబయాటిక్ వాడకం లెక్క తీయడం కుదురుతుందా, అందుకు ఏఐ సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగారు.

కుదురుతుంది. కొననక్కర్లేదు. కాస్త పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) తెలిసిన మనిషి ఒకరు, మందుల పేర్లు బాగా తెలిసిన ఫార్మసిస్టు ఒకరు, మామూలు ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. అయితే ముందే ఒక హద్దు గీసుకోండి. ఎంత మందు వాడారో సమ్మరీని అడగకండి. ఎందుకు వాడారు, ఎన్ని రోజులు వాడారు, ఎప్పుడు ఆపారు అన్నవి అడగండి. ఎంత అన్నది ఫార్మసీ ఇష్యూ లెక్కల్లో ఉంటుంది. ఆ ఇంజెక్షన్ న్యుమోనియాకా, హెర్నియా ఆపరేషన్‌కా అన్నది ఫార్మసీకి తెలియదు. అది డాక్టరు రాతలోనే దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపితేనే నిఘా అవుతుంది, విడివిడిగా చూస్తే రెండూ సగం సగమే.

ముందు పరిమాణం సంగతి. ఫార్మసీ నుంచి నెలలో వెళ్లిన వయల్స్ తీసుకుని, వార్డుల నుంచి తిరిగొచ్చినవి తీసేయండి. మొత్తం గ్రాములను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన డీడీడీతో (పెద్దవాళ్లకు ఆ మందు రోజుకు సగటున వాడే మోతాదు) భాగించండి. ఉదాహరణకు సెఫ్ట్రియాక్సోన్ డీడీడీ 2 గ్రాములు. నెలలో ఒక గ్రాము వయల్స్ 1,800 వెళ్లాయనుకుందాం, 900 డీడీడీలు. ఆ నెల బెడ్ డేస్ (రోజూ వార్డుల్లో ఉన్న రోగుల సంఖ్యలన్నీ కూడితే వచ్చేది) 6,000 అయితే వంద బెడ్ డేస్‌కి 15 డీడీడీలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు కాంబినేషన్ మందులతో. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాముల వయల్‌లో లెక్కకు వచ్చేది పైపెరాసిలిన్ 4 గ్రాములే, డీడీడీ 14 గ్రాములు. అమాక్సిక్లావ్ 1.2 గ్రాముల ఇంజెక్షన్‌లో లెక్కించాల్సింది ఒక గ్రామే, 625 మాత్రలో 500 మి.గ్రా. మాత్రమే. పాత రిపోర్టులతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2019లో కొన్ని మందుల డీడీడీలు మార్చారు, మెరోపెనెమ్‌ది 2 నుంచి 3 గ్రాములైంది. అది గమనించకపోతే వాడకం తగ్గకుండానే తగ్గినట్టు కనిపిస్తుంది. పిల్లల వార్డుకు డీడీడీ అసలు పనికిరాదు, అది పెద్దవాళ్ల మోతాదు. అక్కడ ఒక్కో మందు ఎన్ని రోజులు ఇచ్చారో కూడండి: సెఫ్ట్రియాక్సోన్ 5 రోజులు, మెట్రోనిడజోల్ 3 రోజులు అంటే 8 థెరపీ డేస్.

బంధువులు బయటి మెడికల్ షాపులో కొనుక్కొచ్చే పద్ధతి మీ హాస్పిటల్‌లో ఉంటే ఫార్మసీ లెక్క తక్కువగా వస్తుంది. అలాంటి చోట సమ్మరీయే దాదాపు ఏకైక సాక్ష్యం. కాబట్టి రెండు లెక్కల మధ్య తేడా ఏ వార్డులో ఎక్కువో చూడండి.

ఇక రాతను చదివించడం. మొదటి పని మందుల పట్టిక. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాతో కాకుండా మీ ఫార్మసీ ఐటమ్ మాస్టర్‌తోనే (ఫార్మసీలో ఉండే మందులన్నిటి జాబితా) మొదలుపెట్టండి. ఒక్కో వరుసలో బ్రాండ్ పేరు, జనరిక్ పేరు, స్ట్రెంగ్త్, లెక్కకు వచ్చే అసలు మందు ఎంత, ఇంజెక్షనా మాత్రా, ఏటీసీ కోడ్ (ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులను వర్గీకరించే కోడ్), ‘అవేర్’ వర్గీకరణలో ఏ గుంపు అన్నవి ఉండాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఈ వర్గీకరణలో యాక్సెస్ (ముందుగా వాడదగినవి), వాచ్ (జాగ్రత్తగా వాడాల్సినవి), రిజర్వ్ (చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి) అని మూడు గుంపులు. వీటికి తోడు సిఫారసు చేయనివి అని ఇంకో జాబితా ఉంది. మన మార్కెట్లో విరివిగా తిరిగే కాంబినేషన్లు, సెఫోపెరాజోన్-సల్బాక్టమ్ లాంటివి, అందులోకే వస్తాయి. వాటిని వాచ్‌లో కలిపేయకుండా విడిగా చూపించండి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఇలాంటి పనికి తయారైన ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. మన సమ్మరీల మీద వాటిని యథాతథంగా నడిపితే బోల్తా కొట్టేది బ్రాండ్ పేర్ల దగ్గరే. టాక్సిమ్ అంటే సెఫోటాక్సిమ్ ఇంజెక్షన్, టాక్సిమ్-ఓ అంటే సెఫిక్సిమ్ మాత్ర. మోనోసెఫ్ సెఫ్ట్రియాక్సోన్, మోనోసెఫ్-ఓ సెఫ్పొడాక్సిమ్. సెఫోటాక్సిమ్ డీడీడీ 4 గ్రాములు, సెఫిక్సిమ్‌ది 0.4 గ్రాములు. తోక ఒక్కటి వదిలేస్తే లెక్క పదింతలు తప్పుతుంది. పోనీ ‘ఓ’ ఉంటే నోటి మందు అని రూలు రాద్దామా అంటే జిఫి-ఓలో ఆ ఓ ఆఫ్లాక్సాసిన్! కాబట్టి తోకలకు రూళ్లు వద్దు, ప్రతి పూర్తి పేరునూ పట్టికలో ఒక వరుసగా పెట్టండి. వెతికేటప్పుడు పొడవైన పేరును ముందు వెతికించండి. లేకపోతే టాక్సిమ్-ఓలోని టాక్సిమ్‌ను పట్టుకుని అక్కడే ఆగిపోతుంది.

మరో మంచి ఉదాహరణ ఓ2. ఆ పేరుతో ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్ర ఉంది. ఐసీయూ సమ్మరీలో ‘ఓ2 4 లీటర్లు’ అంటే ఆక్సిజన్. ముందు ‘టాబ్’ గానీ వెనుక బీడీ, 1-0-1 లాంటిది గానీ ఉంటేనే మందుగా లెక్కించాలి. మెట్రో అంటే సాధారణంగా మెట్రోనిడజోల్, కానీ బీపీ మందుల వరుసలో మెటోప్రొలాల్‌ను కూడా కుదించి రాసేవాళ్లు ఉంటారు. పొట్టి పేర్లన్నిటికీ ఇలాంటి పక్క సాక్ష్యం అడగండి.

స్పెల్లింగ్ తప్పులకు దగ్గరి పదం వెతికే పద్ధతి వాడాలనిపిస్తుంది. వాడండి, కానీ దాన్ని నేరుగా లెక్కలోకి రానివ్వకండి. అజిత్రోమైసిన్, అజాథయోప్రిన్ ఒకే తీరుగా మొదలవుతాయి. సెఫ్‌తో మొదలయ్యే పేర్లన్నీ ఒకదాని నీడలో ఒకటి ఉంటాయి. కంప్యూటర్ తప్పు స్పెల్లింగుల జాబితా తీసి ఇవ్వాలి, ఫార్మసిస్టు ఒక్కొక్కటీ చూసి సరేనన్నాకే పట్టికలోకి ఎక్కాలి. మొదటి నెల విసుగ్గా ఉంటుంది. ఒక హాస్పిటల్‌లో సమ్మరీలు టైప్ చేసేది కొద్దిమందే, వాళ్ల తప్పులూ మళ్లీమళ్లీ అవే వస్తాయి కాబట్టి తర్వాత కొత్తవి తగ్గిపోతాయి.

ఏటీసీ కోడ్ విషయంలో ఒక మెలిక. యాంటీబయాటిక్స్ అంటే జే01 అని వడకట్టేస్తే మెట్రోనిడజోల్ ఇంజెక్షన్ వస్తుంది గానీ మాత్ర రాదు, అది పీ01లో ఉంది. నోటి ద్వారా ఇచ్చే వాంకోమైసిన్ ఏ07లో, రిఫాంపిసిన్ జే04లో ఉన్నాయి. వీటిని చేత్తో చేర్చుకోండి. టీబీ కోర్సు వాడుతున్న వాళ్లను మాత్రం వేరే గుంపుగా పెట్టండి.

పేరు కనబడినంత మాత్రాన మందు ఇచ్చినట్టు కాదు. పని అంతా ఇక్కడే ఉంది, సమయం కూడా ఇక్కడే పెట్టండి. సమ్మరీని ముందు భాగాలుగా విడగొట్టాలి: డయాగ్నసిస్, హిస్టరీ, ఇన్వెస్టిగేషన్స్, కోర్స్ ఇన్ హాస్పిటల్, ట్రీట్‌మెంట్ గివెన్, అడ్వైజ్ ఆన్ డిశ్చార్జ్. ఒకే సెఫ్ట్రియాక్సోన్ కోర్స్‌లోనూ ట్రీట్‌మెంట్‌లోనూ కనబడుతుంది, దాన్ని రెండుగా లెక్కించకూడదు. హిస్టరీలో కనబడేది చాలాసార్లు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చేయించుకున్న ఇంజెక్షన్లు. అది మీ హాస్పిటల్ వాడకం కాదు. అలాగని పారేయకండి, ‘రాకముందే యాంటీబయాటిక్ పడింది’ అని విడిగా గుర్తు పెట్టండి. కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) నెగెటివ్ ఎందుకు వచ్చిందో చాలాసార్లు ఆ ఒక్క గుర్తు చెబుతుంది.

లెక్కను అన్నిటికంటే ఎక్కువగా ఉబ్బించేది కల్చర్ రిపోర్టు. ‘క్లెబ్సియెల్లా, సెన్సిటివ్ టు మెరోపెనెమ్, అమికాసిన్, కొలిస్టిన్, టైగీసైక్లిన్’ అని సమ్మరీలో అతికిస్తారు. పేర్లు వెతికే ప్రోగ్రాముకు అక్కడ నాలుగు మందులు వాడినట్టే. నెల తిరిగేసరికి మీ హాస్పిటల్ కొలిస్టిన్ మీదే నడుస్తున్నట్టు రిపోర్టు వస్తుంది. మందు పేర్లు కామాలతో వరుసగా ఉండి, వాటి పక్కన మోతాదు లేకుండా, ఆ వాక్యంలో సెన్సిటివ్, రెసిస్టెంట్, ఇంటర్మీడియట్ అన్న మాటలుంటే ఆ వాక్యాన్ని మొత్తంగా మూసేయండి. పక్కన ఎస్, ఆర్, ఐ అక్షరాలున్న పట్టికలను కూడా.

ఏఎస్‌టీ అన్న మూడక్షరాలు చూడండి. ఇంజెక్షన్ వరుస చివర ఉంటే టెస్ట్ డోస్ వేశాక ఇవ్వమని, లివర్ రిపోర్టులో ఉంటే ఎంజైమ్, మైక్రోబయాలజీ రిపోర్టులో ఉంటే సెన్సిటివిటీ పరీక్ష. ఏ భాగంలో ఉందో తెలియకుండా దానికి అర్థం చెప్పలేం.

లేదు, వద్దు అనే మాటలకు 2001లో వెండీ చాప్‌మన్ బృందం ఇచ్చిన నెగ్ఎక్స్ పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది: ‘నో’, ‘నాట్ గివెన్’, ‘విత్‌హెల్డ్’ లాంటి మాట తర్వాత కొన్ని పదాల దూరంలో ఉన్న మందును రద్దు చేస్తుంది. దీనికి మన మాటలు కలపండి: ‘అలర్జిక్ టు’, ‘టెస్ట్ డోస్ పాజిటివ్’, ‘పేషెంట్ రిఫ్యూజ్డ్’, ‘అఫర్డ్ చేయలేక’. ‘జ్వరం వస్తే వాడండి’ తరహా షరతు వాక్యాలకు ఇంకో గుర్తు. ‘స్టాప్డ్’, ‘చేంజ్డ్ టు’, ‘డీ-ఎస్కలేటెడ్’ (పెద్ద మందు నుంచి చిన్న మందుకు దిగారు) అన్నవి రద్దు మాటలు కావు. ఆ మందు వాడి ఆపారని అర్థం. వీటిని రద్దు కింద రాసేస్తే బాగా పనిచేస్తున్న యూనిట్ల మంచి పనే కనబడకుండా పోతుంది.

మోతాదు, రోజులు. ఓడీ, బీడీ, టీడీఎస్, క్యూఐడీ, స్టాట్, ఎనిమిది గంటలకోసారి, 1-0-1, ‘ఉదయం ఒకటి రాత్రి ఒకటి’ ఇవన్నీ రోజుకు ఎన్నిసార్లు అన్న ఒకే అంకెకు మారాలి. 5/7 అని రాస్తే ఐదు రోజులని. ప్రోగ్రాము దాన్ని జూలై 5గానో మే 7గానో చదువుతుంది. మందు వరుసలో, మోతాదు తర్వాత వస్తే రోజులుగా, వాక్యం మొదట్లో వస్తే తేదీగా తీసుకోండి. సీఎస్‌టీ, అంటే నిన్నటి మందులే కొనసాగించండి అన్నది, ప్రోగ్రెస్ నోట్స్ టైప్ చేసే చోట మీకు తగులుతుంది. ఆ రోజుకు ముందురోజు మందులన్నిటినీ మోసుకురావాలి, లేకపోతే ఏడు రోజుల కోర్సు రెండు రోజులుగా తేలుతుంది. ‘డే 3 ఆఫ్ మెరోపెనెమ్’ లాంటి రాత దొరికితే అదృష్టం, లెక్కను దానితో సరిచూసుకోవచ్చు.

హాస్పిటల్‌లో ఇచ్చిన ఇంజెక్షన్ రోజులకు ఇంటికి రాసిచ్చిన మాత్రల రోజులు కలపడం మర్చిపోకండి. సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులు, సెఫిక్సిమ్ ఐదు రోజులు అంటే రోగి శరీరం చూసింది ఎనిమిది రోజులు. ఫార్మసీ లెక్కలో ఈ రెండూ వేర్వేరు కౌంటర్లలో ఉంటాయి. రాతలో మాత్రమే పక్కపక్కన కనబడతాయి.

కారణం, వ్యవధి పట్టడం ఎక్కడైనా కష్టమే. 2009లో వైద్య రాతలను కంప్యూటర్‌తో చదివించే ఐ2బీ2 పోటీలో అమెరికా డిశ్చార్జ్ సమ్మరీల నుంచి మందు పేరు, మోతాదు, మార్గం, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఎందుకు అని తీయమన్నారు. పాల్గొన్న బృందాలు తడబడింది చివరి రెండింటి దగ్గరే. కాబట్టి మీ ప్రోగ్రాము పేర్లు బాగా పట్టిందని మురిసిపోకుండా ఆ రెండింటినీ విడిగా కొలవండి.

చేత్తో సరిచూడని అంకెను కమిటీ ముందు పెట్టకండి. 200 సమ్మరీలను యాదృచ్ఛికంగా తీయండి, కానీ మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లలు, ఐసీయూ అన్నీ పడేలా విభాగాల వారీగా. ఇద్దరు ఫార్మసిస్టులు ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా మార్క్ చేయాలి. వాళ్లిద్దరి మధ్య కప్పా విలువ (ఇద్దరి గుర్తులు కాకతాళీయంగా కలిసేదానికంటే ఎంత ఎక్కువగా కలిశాయో చెప్పే అంకె) 0.8 దాటకపోతే తప్పు మీ నిర్వచనాల్లో ఉంది. ముందు ఆ నిర్వచనాల కాగితం తిరగరాయండి. తర్వాత ప్రోగ్రాముతో పోల్చండి. ఉదాహరణకు మనుషులు ‘ఇచ్చారు’ అని గుర్తించినవి 340, ప్రోగ్రాము పట్టినవి 330, అందులో సరైనవి 310 అయితే, పట్టినవాటిలో నిజం 94 శాతం, ఉన్నవాటిలో పట్టింది 91 శాతం. ఆ 91కి అటూఇటూ సుమారు 3 శాతం తేడా ఉండవచ్చు. మరి వచ్చే నెల వాడకం 2 శాతం తగ్గితే దాన్ని విజయంగా ప్రకటించలేం కదా. రూళ్లు రాసుకోవడానికి చూసిన సమ్మరీలను ఈ పరీక్షలో వాడకూడదు. సమ్మరీ టెంప్లేట్ మారినప్పుడు, కొత్త పీజీ బ్యాచ్ వచ్చినప్పుడు చిన్న నమూనాతో మళ్లీ చూడండి.

సరిచూసేటప్పుడే ఇంకోటి బయటపడుతుంది: ‘యాంటీబయాటిక్స్, అనాల్జెసిక్స్, పీపీఐలతో మేనేజ్ చేశాం’ అని పేర్లు లేని సమ్మరీలు. అవి మీ ప్రోగ్రాము లోపం కాదు. వాటి శాతాన్నే యూనిట్ వారీగా ఒక సూచికగా చూపించండి. పాత సమ్మరీ మీద కొత్త పేరు టైప్ చేసిన కేసులు కూడా ఉంటాయి. వేర్వేరు రోగుల ‘కోర్స్ ఇన్ హాస్పిటల్’ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే పక్కన పెట్టించండి.

ఏం అడగాలి? మొదటి ఆరు నెలలకు మూడు ప్రశ్నలు చాలు. ఒకటి, శుభ్రమైన ఆపరేషన్ తర్వాత యాంటీబయాటిక్ 24 గంటలు దాటి సాగిందా. ఆపరేషన్ ముగిశాక నివారణ డోసులు పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ పేరు, తేదీ ఓటీ నోట్స్ నుంచి, మందు రోజులు సమ్మరీ నుంచి వస్తాయి. రెండు, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ గానీ మెరోపెనెమ్ గానీ ఇస్తూ పక్కన మెట్రోనిడజోల్ కూడా ఇచ్చారా. వాయురహిత బ్యాక్టీరియాకు మొదటిదే చాలు, రెండోది వృథా. అమీబిక్ లివర్ యాబ్సెస్, సి. డిఫిసిల్ (యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే పేగు ఇన్ఫెక్షన్) ఉన్న సమ్మరీలను మాత్రం మినహాయించండి. మూడు, కార్బపెనెమ్ (మెరోపెనెమ్ తరహా మందు) మొదలుపెట్టే ముందు కల్చర్ పంపారా. దీనికి రాతను నమ్మకండి, ల్యాబ్ రిజిస్టర్‌లో శాంపిల్ తేదీ చూడండి.

యాక్సెస్ గుంపు శాతం కూడా చూపించమంటారు. 2030 నాటికి 70 శాతం అని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటనలో పెట్టిన లక్ష్యం మొత్తం ప్రజల వాడకానికి, ఒక రిఫరల్ హాస్పిటల్ ఐసీయూకి కాదు. నెలలను పోల్చేటప్పుడు కిందటి నెలతో కాకుండా కిందటేడు అదే నెలతో పోల్చండి. వానలు మొదలయ్యాక జ్వరం కేసులు పెరుగుతాయి, స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ ఎక్కువగా రాస్తారు. అది యాక్సెస్ గుంపు మందు కాబట్టి ఎవరూ ఏమీ మార్చకుండానే శాతం మెరుగుపడినట్టు కనబడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కారణం రాస్తున్నారా లేదా అని చూస్తున్నట్టు తెలియగానే ప్రతి సమ్మరీలోనూ ‘సెప్సిస్’ ప్రత్యక్షమవుతుంది. అందుకని ఆ మాట ఉన్న కొన్ని కేసులకు బీపీ, లాక్టేట్, తెల్లరక్తకణాల కౌంట్ చూసి సరిపోల్చే అలవాటు మొదటి నుంచీ పెట్టుకోండి. డాక్టర్ల పేర్ల వారీగా పట్టిక తీసి గోడకు అంటించకండి. యూనిట్ వారీగా, ఆ యూనిట్ హెడ్‌కి మాత్రమే ఇచ్చి, పక్కన నాలుగైదు అసలు కేసులు పెట్టండి. శాతంతో వాదించేవాళ్లు కూడా కేసును చూస్తే కూర్చుని మాట్లాడతారు.

రాత చదివేటప్పుడు ‘సెఫ్ట్రియాక్సోన్ తర్వాత ర్యాష్’ లాంటి వాక్యాలు తగులుతాయి. వాటిని లెక్కల్లో పూడ్చేయకుండా మీ ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) మానిటరింగ్ సెంటర్‌కి పంపండి, ఫారం నింపించండి.

ఏఐ ఎక్కడ పనికొస్తుంది? పేర్లు, మోతాదులకు పట్టిక, రూళ్లే మేలు. తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే కనబడుతుంది, ఇవాళ వచ్చిన జవాబే రేపూ వస్తుంది. ‘ఎందుకు ఇచ్చారు’ అన్నదానికి మాత్రం లాంగ్వేజ్ మోడల్ నిజంగా సాయపడుతుంది, ఎందుకంటే కారణం ఒక్కోసారి మూడు వాక్యాల అవతల ఉంటుంది. అయితే మోడల్‌ను సొంతంగా చెప్పనివ్వకండి. సమ్మరీలోని మాటలను ఉన్నవున్నట్టు ఎత్తి చూపమనండి. ఆ మాటలు నిజంగా ఫైల్లో ఉన్నాయో లేదో ప్రోగ్రాముతో సరిచూసి, లేకపోతే ఆ జవాబు కొట్టేయండి. ‘కారణం రాయలేదు’ అన్న జవాబుకు కూడా చోటివ్వండి, లేకపోతే ఊహించి చెబుతుంది. మోడల్ హాస్పిటల్ లోపలి కంప్యూటర్లోనే నడవాలి. రోగి సమ్మరీని బయటి చాట్‌బాట్‌లో అతికించడం ఎంత తొందరలో ఉన్నా వద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సంగతి తర్వాత, రోగి మనల్ని నమ్మి చెప్పుకున్న విషయం అది.

పేర్లు తీసేయడం మన సమ్మరీల్లో కొంత తేలిక. ఎస్/ఓ, డబ్ల్యూ/ఓ, ఆర్/ఓ అన్న గుర్తుల పక్కనే తండ్రి, భర్త, ఊరు ఉంటాయి. పది అంకెల ఫోన్, పన్నెండు అంకెల ఆధార్, పద్నాలుగు అంకెల ఆభా (హెల్త్ ఐడీ) నంబర్లను రూలుతో పట్టేయవచ్చు. ఊరి పేరు ఉంచి వయసు, అరుదైన జబ్బు కూడా ఉంచితే ఆ మనిషి ఎవరో ఆ మండలంలో అందరికీ తెలిసిపోతుంది. జిల్లా వరకే ఉంచండి. లోపలి ఆడిట్ అయినా ఎథిక్స్ కమిటీకి ముందే రాసి పెట్టండి, రేపు పేపర్‌గా ప్రచురించాలంటే అనుమతి వెనక్కి వెళ్లి తెచ్చుకోలేరు.

చివరిగా చేతిరాత కేస్‌షీట్లు. స్కాన్ చేసి కంప్యూటర్‌తో చదివించే ప్రయత్నం ఇప్పుడే పెట్టుకోకండి. డ్రగ్ చార్ట్‌లో ఒక్క సున్నా తప్పు చదివితే ఎవరికీ తెలియదు. దాని బదులు ప్రతి మూడు నెలలకూ ఒక రోజు ఎంచుకుని, ఆ ఉదయం 8 గంటలకు వార్డుల్లో ఉన్న రోగులందరి చార్టులూ ఫార్మ్-డి విద్యార్థులతో చూపించి, ఏ యాంటీబయాటిక్, ఎందుకు, ఆపే తేదీ రాశారా అన్నవి ఒక ఫారంలో ఎక్కించండి. పాయింట్ ప్రివలెన్స్ సర్వే అంటే ఇదే. ఆ రోగులే డిశ్చార్జ్ అయ్యాక వాళ్ల సమ్మరీల్లో ప్రోగ్రాము ఏం పట్టిందో ఆ ఫారంతో పోల్చండి. చార్టులో ఉండి సమ్మరీలోకి రాని మందులు ఏ యూనిట్‌లో ఎక్కువో తెలిస్తే, టెంప్లేట్‌లో ‘మందు, మొదలు తేదీ, ఆపిన తేదీ, కారణం’ అని నాలుగు గడుల పట్టిక ముందు ఆ యూనిట్‌కే పెట్టించండి.